మాదలా, ఏక్‌తారానా, రబానానా? విశాఖ బడిపిల్లలకు పొరుగు దేశాల జానపదం నేర్పాలనుకునేవాళ్ళకు

మా బడిలో పొరుగు దేశాల జానపద సంగీతం నేర్పుదామనుకున్న ఏడాది, నేను అన్నిటికంటే ముందు చేసిన పని ఫోన్‌లో ఒక నేపాల్ సారంగి కొనడం. పెట్టె విప్పగానే పిల్లలంతా మూగారు. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంది. తీగ బిగించబోతే బిరడా నిలవదు, జారిపోతుంది. కమాను ఆడిస్తే చెక్కను గోకిన చప్పుడే తప్ప స్వరం రాదు. డార్జిలింగ్ నుంచి వచ్చి ఇక్కడ నేవీలో పనిచేస్తున్న ఒక పేరెంట్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది గోడకు తగిలించుకోవడానికి చేసింది మేడమ్, వాయించడానికి కాదు" అన్నారు. 40 మంది పిల్లలు, మోగని ఒకే ఒక్క వాద్యం. ఆ ఏడాది ఆ క్లాసు అక్కడితో ఆగిపోయింది.

తర్వాత ఆరేళ్ళుగా నాలుగు దేశాల పాటలు, వాద్యాలు మా పిల్లలతో కలిసి ప్రయత్నించాను. గాజువాక నుంచి భీమిలి దాకా కొన్ని బడుల సంగీతం టీచర్లు ఏది ఎంచుకోవాలో అడుగుతుంటారు. అందరికీ విడివిడిగా చెప్పేది ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ దేశం గొప్పది, ఏ వాద్యానికి పేరెక్కువ అని చూసి ఎంచుకోకండి. రెండు విషయాలు చూడండి. ఆ వాద్యానికి మన ఉత్తరాంధ్రలో చుట్టం ఉందా? దాన్ని చేత్తో పట్టుకుని నేర్పే మనిషి విశాఖలో దొరుకుతారా? ఈ రెండూ ఉన్నచోట పిల్లలు నిలబడ్డారు. ఏ ఒక్కటి లేకపోయినా రెండో నెలకల్లా వాద్యాలు బీరువాలోకి వెళ్ళిపోయాయి.

ముందు మీ క్లాసు సంగతి

వారానికి ఒక పీరియడ్, అదీ 40 నిమిషాలు. పరీక్షలు, సెలవులు, తుఫాను రోజులు పోగా ఏడాదికి పాతిక పీరియడ్లు చేతికొస్తే అదృష్టమే. కాబట్టి మొదటి రోజే ఏదో ఒక శబ్దం పిల్లల చేతుల్లోంచి రావాలి. నెల రోజులు సాధన చేస్తేగాని స్వరం పలకని వాద్యం ఇంట్లో గురువు దగ్గర నేర్చుకోవడానికి బాగుంటుందేమో గాని, బడికి పనికిరాదు. ఇంకోటి, చెడిపోతే ఇక్కడే బాగు చేయించుకోగలమా అన్నది కొనకముందే ఆలోచించాలి. మనది సముద్రం ఒడ్డు. తోలు వాద్యం ఏదైనా ఇక్కడి గాలికి వదులవుతుంది, ఇనుప తీగ తుప్పు పడుతుంది.

మాదల్: నా మొదటి ఓటు దీనికే

నేపాల్ కొండల్లో పుట్టిన వాద్యం మాదల్. మధ్యలో కాస్త ఉబ్బిన చెక్క పీపా, రెండు వైపులా తోలు, ఒక మూతి పెద్దది, ఇంకోటి చిన్నది. అడ్డంగా ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో వాయిస్తారు. మగర్ జనంతో దీనికి ముడి ఎక్కువ. ఇప్పుడు నేపాల్ అంతటా, మన డార్జిలింగ్, సిక్కిం కొండల్లో కూడా పాటంటే పక్కన మాదల్ ఉండాల్సిందే.

పేరులోనే బంధుత్వం తెలుస్తుంది. సంస్కృతంలో మర్దలం, తెలుగులో మద్దెల, నేపాలీలో మాదల్. ఈ మూడు మాటలూ బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాయండి. పొరుగు దేశం ఎంత దగ్గరో పిల్లలకు అర్థం కావడానికి అది చాలు.

క్లాసులో మృదంగం నేర్చుకునే పిల్లలుంటే ఇంకా మేలు. మృదంగానికి కుడి మూతి మీద నల్లటి పూత ఎప్పుడూ ఉంటుంది, ఎడమ మూతికి మాత్రం వాయించే ముందు రవ్వ ముద్ద పెడతారు. మాదల్‌కు రెండు మూతుల మీదా నల్లటి పూత శాశ్వతంగానే ఉంటుంది. దాన్ని ఖరీ అంటారు. అందుకే సంచిలోంచి తీసి ఒళ్ళో పెట్టుకోగానే మోగుతుంది. పీరియడ్ 40 నిమిషాలే ఉన్నచోట ఇది చిన్న సదుపాయం కాదు.

నేపాలీ పాటల్లో బాగా వినబడే నడక ఝ్యావురే. ఆరు దెబ్బల నడక. "తకిట తకిట" అని పిల్లలతో పదిసార్లు అనిపిస్తే నోటికి వచ్చేస్తుంది. నోటికి వచ్చాక చేతికి రావడానికి ఆట్టే సమయం పట్టదు. పాటలు కూడా చాలావరకు అయిదు స్వరాల చుట్టూనే తిరుగుతాయి. మోహన రాగంలో గీతం పాడిన పిల్లలు రెండో పీరియడ్‌కే శ్రుతిలో అందుకుంటారు.

ఇక నేర్పే మనిషి. మా అపార్ట్‌మెంట్లో రాత్రి కాపలా ఉండే నేపాలీ ఆయన ఒకసారి దీపావళి రోజుల్లో గేటు దగ్గర కూర్చుని, స్నేహితుడి ఫోన్‌లో వస్తున్న పాటకు ప్లాస్టిక్ డబ్బా మీద దరువు వేస్తూ కనిపించారు. ఆ దరువులో ఉన్న లాఘవం చూసి అడిగాను, మాదల్ వచ్చా అని. చిన్నప్పుడు ఊళ్ళో వాయించేవాడినన్నారు. మా వీధిలో అందరూ ఆయన్ని బహదూర్ అనే పిలిచేవాళ్ళు. ఆయన పేరు అది కాదు. క్లాసుకు వచ్చిన మొదటి రోజే తన పేరు బోర్డు మీద దేవనాగరిలో రాశారు. పిల్లలు ఆ రోజు నుంచి దాయి అని పిలవడం మొదలుపెట్టారు. నేపాలీలో దాయి అంటే అన్నయ్య.

ఆయన నేర్పిన మొదటి పాట తీహార్ పండగ పాట. నేపాల్‌లో మన దీపావళి రోజుల్లోనే తీహార్ వస్తుంది. పిల్లలూ పెద్దలూ గుంపుగా ఇంటింటికీ వెళ్ళి దేవుసీ, భైలో పాటలు పాడతారు. ఒకరు ఒక్కో మాట అందిస్తుంటే మిగతావాళ్ళంతా "దేవుసీ రే" అని అందుకుంటారు. ఇది విని మా ఆరో తరగతి అమ్మాయి ఒకతె, "మేడమ్, గొబ్బియళ్ళో లాగే" అంది. నేను చెప్పకుండానే తనే పట్టుకుంది. ఆ సంక్రాంతికి మా బడి ముగ్గుల దగ్గర గొబ్బి పాటకు కూడా మాదలే వాయించారు. దాయికి కూడా ఆ పాట వచ్చేసింది.

మాదళ్ళు కొనాలంటే నేపాల్ దాకా వెళ్ళక్కర్లేదు. శిలిగురి, డార్జిలింగ్ వైపు దొరుకుతాయి. మేం అయిదు మాదళ్ళతో మొదలుపెట్టాం. ఎనిమిదేసి మంది గుంపులు, ఒక గుంపులో ఒకరు వాయిస్తుంటే మిగతావాళ్ళు చప్పట్లతో నడక పట్టాలి, పాడాలి, తర్వాత చేతులు మారాలి. 40 మందికీ 40 వాద్యాలు కావాలనే ఆలోచన వదిలేయండి.

దీని లోటు కూడా చెప్పాలి. వానల్లో తోలు వదులై గొంతు బొంగురుపోతుంది. పక్కనున్న తోలు వారులు బిగించాలి. అది పిల్లలకు సాధ్యం కాదు, నాకూ చేతకాలేదు. మృదంగం, తబలా మరమ్మతు చేసే ఆయనకు ఇచ్చాం. చూడగానే అర్థం చేసుకుని బిగించి ఇచ్చారు. కాబట్టి ఇక్కడ బాగుపడే వాద్యమే.

సారంగి మీద మనసుపోతే

నాకూ పోయింది, అందుకే చెబుతున్నాను. నేపాల్ సారంగిని ఒకే చెక్కను తొలిచి చేస్తారు. మన బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేసినట్టే. నాలుగు తీగలు, కింద భాగానికి తోలు, నిలువుగా పట్టుకుని కమానుతో వాయిస్తారు. ఎడమ చేతి వేళ్ళతో తీగను పైనుంచి నొక్కరు, గోళ్ళను తీగ పక్కన ఆనించి స్వరం పలికిస్తారు. చిన్న పిల్లల గోళ్ళకు ఇది నొప్పి. స్వరస్థానం దొరకడానికే నెలలు పడుతుంది.

అయినా సారంగి గురించి క్లాసులో చెప్పకుండా వదలకండి. దాన్ని తరతరాలుగా మోసుకొచ్చినవాళ్ళు గంధర్వులు. ఊరూరా తిరిగి పాటల్లో వార్తలు చెప్పేవాళ్ళు. ఒకప్పుడు వాళ్ళను గాయినే అని కులం పేరుతో తక్కువ చేసి పిలిచేవాళ్ళు, ఇప్పుడు గంధర్వ అనే పేరునే వాళ్ళు కోరుకుంటారు. మన దగ్గర బుడగ జంగాలు, బుడబుక్కలవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి పాడి, ఆ పాట కోసమే అందరికీ కావలసినవాళ్ళై, పంక్తిలో మాత్రం దూరంగా కూర్చోవలసి వచ్చిన చరిత్ర పిల్లలకు చెబితే ఈ రెండూ కలిపి అర్థమవుతాయి. వాద్యం పేరు నేర్పేటప్పుడు దాన్ని కాపాడినవాళ్ళ పేరు కూడా నేర్పాలి. ఇందులో నేను రాజీ పడను.

ఒక సారంగి కొనాలనుకుంటే ముందు వాయించేవారి చేత పరీక్ష చేయించి కొనండి. ఫోటో చూసి మాత్రం వద్దు.

బంగ్లాదేశ్: పాడే పిల్లలున్న బడికి ఇదే మంచిది

మీ క్లాసులో గొంతులు బాగుంటే మాదల్ కంటే ముందు బంగ్లా వైపు చూడండి. ఏక్‌తార తయారీ చాలా సాదా. సొరబుర్ర లేదా కొబ్బరి చిప్పకు అడుగున తోలు, పైకి రెండు పాయలుగా చీల్చిన వెదురు, మధ్యలో ఒకే తీగ. వేలితో మీటుతూ వెదురు పాయల్ని దగ్గరికి నొక్కితే తీగ వదులై స్వరం కిందికి దిగుతుంది, వదిలితే మళ్ళీ పైకి వెళ్తుంది. అయిదో తరగతి పిల్ల కూడా మొదటి రోజే శ్రుతి పట్టుకుని పాడగలదు.

ఏక్‌తార అనగానే గుర్తొచ్చేది బావుల్ గాయకులు, తత్వాలు పాడుతూ తిరిగే బెంగాల్ సాధకులు. బంగ్లాదేశ్ బావుల్ గీతాలను యునెస్కో 2005లో మానవజాతి అపురూప వారసత్వంగా ప్రకటించింది, 2008లో అవి జాబితాలో చేరాయి. 1890లో కన్నుమూసిన బావుల్ గురువు లాలన్ షా పాటలు ఇప్పటికీ కుష్టియాలోని ఆయన సమాధి దగ్గర ప్రతి ఏటా వేలమంది పాడతారు. గుడి, మసీదు, కులం వీటన్నిటినీ దాటి, దేవుణ్ణి మనిషి దేహంలోనే వెతకమంటాయి ఆ పాటలు. "మొనేర్ మానుష్" అనే మాట వాటిలో పదేపదే వస్తుంది, మనసులోని మనిషి అని. మన తత్వాలు తెలిసినవారికి ఇది కొత్తగా ఉండదు. తంబుర మీటుతూ దేహమే ఇల్లని, గురువే తాళంచెవని పాడే తత్వాలు మన పల్లెల్లో భజన మందిరాల్లో నేటికీ వినబడతాయి. బావుల్ పాట నేర్పే వారంలోనే ఒక తత్వం కూడా నేర్పండి. పిల్లలు రెండింటినీ గుర్తుపెట్టుకుంటారు.

ఒక జాగ్రత్త. బావుల్ పాట వాళ్ళకు సాధన. కాషాయం గుడ్డలు కట్టించి, ఒక కాలు ఎత్తి గిరగిరా తిప్పి, యానివర్సరీ డ్యాన్స్‌గా మార్చేస్తే పాట పోయి వేషం మిగులుతుంది. నేను ఒకచోట అలా చూశాను, చాలా బాధ కలిగింది.

ఇంకో వాద్యం ఖమక్. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే విశాఖ పిల్లలకు దీనికంటే దగ్గరి చుట్టం మరొకటి లేదు. ఖమక్ ఒక చిన్న డోలు లాంటిది, ఒక వైపు తోలు. ఆ తోలు మధ్యలోంచి తీగ వస్తుంది. డోలును చంకలో ఇరికించుకుని, తీగ చివరనున్న చిన్న పిడిని ఒక చేత్తో లాగి పట్టుకుని, ఇంకో చేత్తో మీటుతారు. లాగే కొద్దీ స్వరం పైకి, వదిలే కొద్దీ కిందికి. నవ్వినట్టు, మూలిగినట్టు వింతగా పలుకుతుంది. ఇది చదువుతుంటే శ్రీకాకుళం, విజయనగరం వైపు పుట్టినవాళ్ళకు జముకు గుర్తొచ్చే ఉంటుంది. జముకుల కథల్లో వినిపించే ఆ ఊగే శబ్దం పుట్టేది కూడా అచ్చంగా ఈ పద్ధతిలోనే, తోలు మధ్యలోంచి వచ్చే తీగను లాగుతూ మీటడం వల్లనే.

మా బడి కార్యక్రమంలో పిల్లవాడు ఒకడు ఖమక్ వాయిస్తుంటే, చీపురుపల్లి నుంచి వచ్చిన వాళ్ళ నాయనమ్మ ముందు వరసలోంచి లేచి, "ఇదేటి, మా జముకే కదేటి!" అని గట్టిగా అంది. తర్వాత వారం ఆమెను క్లాసుకు పిలిచాం. చిన్నప్పుడు విన్న జముకుల పాట నాలుగు చరణాలు పాడింది. ఆ రోజు నుంచి నేను బంగ్లా పాఠాన్ని ఖమక్, జముకు రెండూ పక్కపక్కన పెట్టే మొదలుపెడుతున్నాను. మీకు జముకు కథకులు అందుబాటులో ఉంటే వాళ్ళను ముందు పిలవండి, ఖమక్ తర్వాత.

దోతారను మాత్రం ఎనిమిదో తరగతి దాకా ఆపండి. పేరుకు రెండు తీగలని అర్థం గాని, మామూలుగా నాలుగు ఉంటాయి. మెట్లు ఉండవు. వేలు ఎక్కడ పెడితే ఏ స్వరమో చెవే చెప్పాలి. వయొలిన్ నేర్చుకుంటున్న పిల్లలైతే తొందరగా అందుకుంటారు.

పాటల్లో భాటియాలి, భవాయియా అని రెండు దారులున్నాయి. భవాయియా ఉత్తరాన రంగ్‌పూర్ వైపుది. అబ్బాసుద్దీన్ అహ్మద్ గొంతులో అది బెంగాల్ అంతటికీ తెలిసింది. గొంతును మధ్యలో విరవడం అందులో ఉంది, పిల్లలకు కష్టం. భాటియాలి పడవవాళ్ళ పాట. భాటా అంటే ఆటు, ఆటుపోట్లలో ఆటు. ప్రవాహం వెంట పడవ దానంతటదే పోతుంటే తెడ్డు వేసే పని లేదు, కాబట్టి పాటలో దరువు లేదు, స్వరాలు సాగుతూ పోతాయి. మన జాలారిపేటలో వల లాగేటప్పుడు పాడే పాట ఇందుకు పూర్తిగా వేరు. అక్కడ పదిమంది చేతులు ఒక్కసారి లాగాలి, అందుకని పాట మొత్తం దరువే. ఒకే నీళ్ళ మీద పని మారితే పాట ఎలా మారుతుందో చూపించడానికి ఇంతకంటే మంచి జత నాకు దొరకలేదు. మత్స్యకారుల పిల్లలు క్లాసులో ఉంటే ఆ రోజు వాళ్ళే టీచర్లు.

కొనడం తేలిక. కలకత్తా మనకు ఒక రాత్రి రైలు ప్రయాణం. లాల్‌బజార్, రవీంద్ర సరణి దగ్గర వాద్యాల దుకాణాలు వరసగా ఉంటాయి. విశాఖలో బెంగాలీ కుటుంబాలూ చాలా ఉన్నాయి, దుర్గాపూజ సమయంలో వాళ్ళను కలిస్తే ఉచ్చారణ నేర్పేవారు దొరుకుతారు. అకారాన్ని వాళ్ళు ఒకారంగా పలికే చోట్లు మన పిల్లలకు మొదట్లో టెన్షన్ పెడతాయి, రెండు వారాల్లో సర్దుకుంటాయి. 1947కు ముందు ఇది ఒకే నేల అని, సరిహద్దుకు రెండు వైపులా ఇవే పాటలు పాడతారని ముందే చెబితే, కలకత్తాలో కొన్నది బంగ్లాదేశ్ వాద్యం ఎలా అవుతుందని పిల్లలు అడిగే ప్రశ్నకు జవాబు కూడా అయిపోతుంది.

శ్రీలంక: పిల్లలు ఎక్కువ, గది పెద్దదైతే

శ్రీలంకలో బెర అంటే డోలు. మన భేరి అనే మాటే. వాటిలో బాగా పేరున్నది క్యాండీ వైపు గెట బెర. వీడియోలు చూసి చాలామంది టీచర్లు దీనికే మొగ్గు చూపుతారు. నేను వద్దంటాను. గెట బెర పూజల్లో, ఊరేగింపుల్లో గురుపరంపరగా వచ్చేది. వాయించే చేయి, అడుగు, నృత్యం విడదీయరానివి. తెలిసిన గురువు లేకుండా దాన్ని బడిలో మొదలుపెట్టడం వాద్యానికీ మర్యాద కాదు, పిల్లలకూ రాదు.

రబాన అలా కాదు. అది ఇంటి వాద్యం, పండగ వాద్యం. చేత్తో పట్టుకునే చిన్న రబాన పట్టుకుని విరిందు అనే పాటలు పాడతారు, అప్పటికప్పుడు మాటలు అల్లుతూ. పెద్దది బంకు రబాన. దాన్ని పొట్టి కాళ్ళ మీద నేల మీద పెట్టి, చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని వాయిస్తారు. ఏప్రిల్ మధ్యలో వచ్చే కొత్త సంవత్సరానికి ఊళ్ళలో ఇది మోగాలి. వాయించే ముందు కింద నిప్పులు పెట్టి తోలు వేడి చేస్తారు. మన డప్పును మంట దగ్గర కాచడం చూసిన పిల్లలకు ఇది వివరించక్కర్లేదు.

ఒక పెద్ద రబాన చుట్టూ ఎనిమిది మంది కూర్చోవచ్చు. సిగ్గుపడే పిల్లలు, ముఖ్యంగా ఒంటరిగా వాయించమంటే వెనక్కి తగ్గే అమ్మాయిలు, ఇందులో ఇట్టే కలిసిపోతారు. 50 మంది దాటిన క్లాసుకు నేను దీన్నే సూచిస్తాను. కష్టమల్లా రబాన ఇక్కడ దొరక్కపోవడం. మేం ఒక పెద్ద డప్పును స్టూలు మీద పడుకోబెట్టి ఆ దరువులు నేర్చుకున్నాం. ఇది రబాన కాదు, మన డప్పు మీద రబాన దరువు వేస్తున్నామని పిల్లలకు, వేదిక మీద ప్రేక్షకులకు కూడా స్పష్టంగా చెప్పాం. అలా చెప్పి చేస్తే తప్పేమీ లేదు.

బర్మా: వాయించడం కంటే వినడం

విశాఖకు బర్మా పరాయి దేశం కాదు. రంగూన్‌ను మన తాతలు రంగం అనేవాళ్ళు. ఈ జిల్లాల నుంచి వేలమంది అక్కడికి కూలికి వెళ్ళారు, తెలుగువాళ్ళను అక్కడ కోరంగీలు అనేవాళ్ళు. 1942లో యుద్ధం వచ్చి ఎందరో కాలినడకన తిరిగొచ్చారు. నగరంలో బర్మా క్యాంపు అనే పేటే ఉంది.

అయితే బర్మా వాద్యాలు బడికి చాలా బరువు. సౌంగ్ అనే వంపు తిరిగిన వీణ చూడ్డానికి నెమలిలా ఉంటుంది గాని, ఖరీదూ ఎక్కువ, నేర్పేవారూ లేరు. పట్ వైంగ్ అంటే గుండ్రటి చట్రంలో 21 డోళ్ళు. మధ్యలో కూర్చున్న ఒక్కరే అన్నిటినీ వాయిస్తారు. అన్నం, బూడిద కలిపిన ముద్దను తోలుకు అద్ది ఒక్కో డోలును ఒక్కో స్వరానికి తెస్తారు. మృదంగానికి రవ్వ ముద్ద పెట్టడం తెలిసిన పిల్లలకు ఈ సంగతి చెబితే కళ్ళు మెరుస్తాయి.

కొనకుండా చేయగలిగింది ఒకటుంది. బర్మాలో పాడేవారు ఒక చేత సీ, ఇంకో చేత వా పట్టుకుని తాళం వేసుకుంటారు. సీ అంటే చిన్న తాళాలు, వా అంటే వెదురు చిడత. మన భజన తాళాలు, చిడతలు చాలు. ఒకే మనిషి రెండు చేతుల్లో రెండు శబ్దాలు వేరువేరు చోట్ల వేస్తూ పాడటం ఎంత కష్టమో పిల్లలే ప్రయత్నించి చూస్తారు. రంగం నుంచి వచ్చిన కుటుంబాల పెద్దలుంటే వాళ్ళను ఆ రోజు తప్పకుండా పిలవండి.

మిగతావి క్లుప్తంగా

భూటాన్ ద్రామ్యెన్ ఏడు తీగల వాద్యం, తల మకరం ఆకారంలో చెక్కి ఉంటుంది. పాటలు అందమైనవి, నేర్పేవారు దగ్గర్లో లేరు, వినిపించి ఆపండి. ఆఫ్ఘన్ రబాబ్ మన సరోద్‌కు పూర్వీకురాలు, 2024లో యునెస్కో జాబితాలోకి వచ్చింది. మల్బరీ చెక్కతో చేస్తారు, క్లాసుకు తెచ్చేది కాదు. పాకిస్తాన్ సింధ్ వైపు బోరిండో అనే మట్టి వాద్యం ఉంది, ఉండలాంటి మట్టి బుర్రకు ఒక పెద్ద రంధ్రం, కొన్ని చిన్న రంధ్రాలు, ఊదితే మెత్తగా పలుకుతుంది. డ్రాయింగ్ టీచరు, కుమ్మరి కలిస్తే నో బ్యాగ్ డే రోజు పిల్లలే చేసి ఊదవచ్చు. మా వాటిలో సగం పలకలేదు, పలికినవాటిని పిల్లలు నెలల తరబడి జేబుల్లో పెట్టుకు తిరిగారు. మాల్దీవుల బొడుబెరు డోళ్ళ పాట మెల్లగా మొదలై చివరికి పరుగందుకుంటుంది. తప్పెటగుళ్ళు ఇష్టపడే పిల్లలకు ఒక రోజు వర్క్‌షాపుకు బాగుంటుంది.

ఎవరి దగ్గర నేర్పించాలి

ఆన్‌లైన్ క్లాసులో పేరున్న కళాకారుడా, మన ఊళ్ళో ఉన్న మామూలు మనిషా? రెండూ చేసి చూశాను. మొదటి మూడు నెలలూ మనిషి ఎదురుగా ఉండాలి. చేయి ఎంత బరువుగా పడాలో, ఏ వేలు లేవాలో స్క్రీన్ మీద తెలియదు. 40 మంది ఒక లాప్‌టాప్ ముందు కూర్చుంటే వెనకవాళ్ళకు సరిగా వినబడదు, ఇంటర్నెట్‌లో శబ్దం ఆలస్యంగా చేరి నడకే తప్పుతుంది. మామూలు మనిషికి సిద్ధాంతం రాకపోవచ్చు, పాట ఎక్కడ పాడతారో, ఎందుకు పాడతారో మాత్రం తెలుసు. పిల్లలకు ముందు కావలసింది అది. చేయి కుదిరాక నెలకోసారి ఆన్‌లైన్‌లో నిపుణుణ్ణి పెట్టి తప్పులు దిద్దించుకోవచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పొరుగు దేశాల విద్యార్థులు చదువుతుంటారు. వాళ్ళలో పాడేవాళ్ళుంటారు. అడిగితే సంతోషంగా వస్తారు, సొంత ఊరి పాట ఇంత దూరంలో ఎవరో అడగడం వాళ్ళకు చాలా పెద్ద విషయం.

వచ్చినవారికి డబ్బివ్వండి. శాలువా కప్పి, ఫోటో తీసి పంపేయకండి. పీరియడ్‌కు ఇంత అని ముందే మాట్లాడుకుని, నెలాఖరుకు చేతిలో పెట్టండి. వాద్యాల బడ్జెట్‌లో సగం దీనికి తీసిపెట్టమని నేను హెడ్మాస్టర్లతో గట్టిగా వాదిస్తాను. మూడు మాదళ్ళు తగ్గించి అయినా సరే.

చివరగా, మీ బడికి ఏది

మామూలు క్లాసు, ప్రత్యేకంగా గాయకులు లేరు, నేపాలీ మాట్లాడేవారు చుట్టుపక్కల ఉన్నారంటే మాదల్. పాడే పిల్లలున్నారు, బెంగాలీ వచ్చిన ఒకరు తోడున్నారంటే ఏక్‌తార, దానితోపాటు జముకు. పిల్లలు మరీ ఎక్కువ, వాద్యాలకు డబ్బు లేదంటే డప్పు మీద రబాన దరువులు. డబ్బూ మనిషీ రెండూ లేకపోతే బర్మా సీ, వా పద్ధతి చప్పట్లతో, తాళాలతో మొదలుపెట్టండి, ఏడాదంతా వినిపించండి. ఒకే ఏడాదిలో రెండు దేశాలకు మించి పెట్టుకోకండి. నేను ఒకసారి నాలుగు పెట్టుకున్నాను, పిల్లలకు పేర్లు తప్ప ఏ దరువూ చేతిలో నిలవలేదు.

మాదల్ అనుకుంటే ఆర్డరు జూన్ చివరిలోపు ఇవ్వండి. శిలిగురి నుంచి పార్శిల్ మాకు మూడు వారాలు పట్టింది. జూలై నెలాఖరుకు దరువు మొదలైతే దీపావళికి, అంటే తీహార్‌కు, ఒక పాట సిద్ధమవుతుంది. పార్శిల్ రాగానే ఒక్కో మాదల్ రెండు మూతులూ తట్టి వినండి, నల్ల పూతలో పగుళ్ళున్నాయేమో వెలుతురులో చూడండి, ఉంటే అదే రోజు ఫోటో తీసి పంపండి. కిటికీ పక్కన పెట్టకండి. మెత్తటి గుడ్డ సంచిలో, బియ్యం మూట ఒకటి తోడు పెట్టి, గోడకు ఆనకుండా బీరువా పై అరలో ఉంచండి. ఆ బియ్యం నెలకోసారి ఎండలో పోసి తీయడం మా బడిలో ఏడో తరగతి బి సెక్షన్ వంతు.